కట్టు కట్టిన కాలితో ప్రభువు దగ్గరికి

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక, చూడవచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలే మధ్యాహ్నం ఒకటి వస్తుంది. కాలు బరువుగా దిండ్ల మీద ఉంటుంది. ఫోను చూసి చూసి కళ్ళు మండుతుంటాయి. "నాకే ఎందుకిలా జరిగింది?" అనే ప్రశ్న అప్పుడే వస్తుంది. మీరు ఆ మధ్యాహ్నంలో ఉండి, దేవుణ్ణి పిలవాలని ఉన్నా ఎలా పిలవాలో తెలియక ఆగిపోయి ఉంటే, ఇది మీ కోసమే రాస్తున్నాను.

నేను కందుకూరులో ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఒక సాయంత్రం ఇంటికి వస్తుండగా, రోడ్డు సగం దాకా ఆరబోసిన వడ్ల మీద బండి జారింది. ఎడమ మోకాలి కింద పెద్ద ఎముక రెండు చోట్ల విరిగింది. లోపల రాడ్డు వేసి పంపించారు. ఐదు నెలలు సింగరాయకొండ దగ్గర మా పుట్టింట్లో ఉన్నాను. దేవుడి గదిలో రోజూ దీపం వెలిగే ఇల్లు మాది. అప్పటిదాకా నేను బైబిలు చేత్తో పట్టుకుని ఎరగను. ఆ ఐదు నెలల్లోనే యేసుప్రభువును తెలుసుకున్నాను. దారిలో తప్పులూ చేశాను. మీకు పనికివస్తాయనిపించినవి వరుసగా చెబుతాను.

మొదట డాక్టరు మాట రాసి గోడకు అంటించండి

విశ్వాసం గురించి చెబుతానని డాక్టరుతో మొదలుపెట్టానేమని అనుకోకండి. కాలు విరిగినవాళ్ళకు సలహాలకు కరవుండదు. ఒకరు పుత్తూరు కట్టుకు వెళ్ళమంటారు. ఒకరు కట్టు విప్పి నూనె పట్టించమంటారు. ఇంకొకరు మాత్రలు మానేసి దేవుణ్ణి నమ్ముకోమంటారు. అందరూ ప్రేమతోనే చెబుతారు, అందుకే కాదనడం కష్టం. ఆసుపత్రిలో ఉండగానే నాలుగు సంగతులు అడిగి రాయించుకోండి: కాలు నేల మీద ఎప్పుడు మోపాలి, ఎంత బరువు వేయాలి, ఏ వ్యాయామం రోజుకు ఎన్నిసార్లు చేయాలి, మళ్ళీ ఎక్స్‌రే ఎప్పుడు. ఆ కాగితం మంచానికి ఎదురుగా గోడమీద ఉంటే సలహా చెప్పేవాళ్ళకు మీరు జవాబు వెతుక్కోనక్కరలేదు, చూపిస్తే చాలు.

కాలి వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, పిక్కలో కొత్తగా వాపూ నొప్పీ వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, జ్వరంతోపాటు కుట్ల దగ్గర చీము కనిపించినా, తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోను చేయండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

వైద్యం చేయించుకోవడం అపనమ్మకమని ఎవరైనా అంటే, బైబిలులోనే దానికి జవాబుంది. హిజ్కియా రాజు రోగంతో మంచం పట్టి కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు. విన్నాక కూడా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. యేసు చెప్పిన కథలో, దారిలో కొనప్రాణంతో పడి ఉన్న మనిషిని చూసి సమరయుడు ఏం చేశాడు? గాయాల్లో నూనె, ద్రాక్షారసం పోసి, కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించి సత్రానికి చేర్చాడు. పైగా ఖర్చులకు డబ్బిచ్చి వెళ్ళాడు. సువార్త చెబుతూ ఊరూరా తిరిగిన పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు.

తిండి కూడా ఇందులో భాగమే. గుడ్డు, పప్పు, పాలు, ఆకుకూర, రాగిజావ తప్పకుండా తీసుకోండి. బీడీ, సిగరెట్టు అలవాటుంటే మానండి. పొగ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది. ఎముక అతుకుతున్న రోజుల్లో ఉపవాస ప్రార్థన పెట్టుకోవద్దు. చక్కెర వ్యాధి ఉండి మాత్రలు వేసుకునేవారు అసలే వద్దు. ఉపవాసం ఉండాలని మనసు మరీ లాగితే ఆ పూట ఫోను పక్కన పెట్టండి.

తరువాత, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నేర్చుకోండి

మా పక్కింటి పెద్దమ్మ ఒకప్పుడు బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగింది. ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు వాక్యం చదివి వినిపించే ఆ పని, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టు మిషను కాలం నుంచి ఉన్నదే. నేను ఇంటికొచ్చిన మూడో రోజున స్టీలు గ్లాసులో రాగిజావ పట్టుకొచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, "ప్రార్థన చేసుకుందామా అమ్మాయ్?" అంది.

"నాకు రాదు పెద్దమ్మా" అన్నాను.

"రావడానికేముంది తల్లీ! మీ అమ్మతో చెప్పుకున్నట్టు చెప్పు."

ఎలా మొదలుపెట్టాలి అని అడిగేవారందరికీ నేను ఇదే చెబుతాను. రోజులో ఒక వేళ పెట్టుకోండి. నాకు తెల్లవారుజాము కుదిరింది, ఎందుకంటే రాత్రి వేసిన నొప్పి మాత్ర ప్రభావం అప్పటికి తగ్గి ఎలాగూ మెలకువ వచ్చేది. పెదవులు కదిలేలా, మీ చెవికి వినిపించేలా మాట్లాడండి. మూడు మాటలు చాలు: ఎక్కడ నొప్పిగా ఉంది, దేనికి భయంగా ఉంది, ఏం కావాలి. గుడ్డివాడైన బర్తిమయి తన దగ్గరికి వచ్చినప్పుడు, చూడగానే తెలిసే సంగతే అయినా యేసు అతణ్ణి "నేను నీకేమి చేయగోరుచున్నావు?" అని అడిగాడు. మన నోటి నుంచి వినాలని ఆయనకు ఉంటుంది.

కోపం వస్తే కోపమే చెప్పండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దావీదు అడిగిన మాట కీర్తనల గ్రంథంలో ఉంది. ఆ మాటను ఎవరూ కొట్టివేయలేదు.

ఇక్కడ నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. "ఆరో వారం ఎక్స్‌రేలో ఎముక అతికి కనిపిస్తే నిన్ను నమ్ముతాను" అని ప్రభువుకు గడువు పెట్టాను. ఆరో వారం వచ్చింది. ఒంగోలు వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాము. డాక్టరు ఫిల్మును వెలుగుకు ఎత్తి పట్టి, విరిగిన చోట నల్లటి గీత ఇంకా అలాగే ఉందని చూపించారు. పలుచటి పొగమంచులాంటి తెల్లని పొర ఒక పక్కన మాత్రం మొదలైంది. "ఇది మామూలే, ఇంకా సమయం పడుతుంది" అన్నారు. నాకు ఆ మాట వినిపించలేదు. ఇంటికి వచ్చి బైబిలు మూసి అలమరలో పెట్టేశాను. తొమ్మిది రోజులు తీయలేదు.

పదో రోజున పెద్దమ్మ వచ్చింది. ఏమీ అడగలేదు. నా కాలు తలగడ మీద సర్ది, చాలాసేపు అలాగే కూర్చుని, చివరికి ఒక్క మాట అంది: "కాలు నడవడానికి తల్లీ. దేవుడు ఉన్నాడో లేడో తేల్చే పని దాని మీద పెట్టకు."

పెద్దవాళ్ళకు ఈ ఎముక అతకడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఒక్కొక్కరికి అంతకన్నా ఎక్కువ. మొదటి వారాల్లో విరిగిన చోట మెత్తటి కణజాలం పేరుకుని, అది మెల్లగా గట్టిపడుతూ ఎముకగా మారుతుంది. ఎక్స్‌రేలో నేను చూసిన ఆ తెల్లటి పొర అదే. నేను దేవుడు నా మాట వినలేదని ఏడుస్తున్న రోజుల్లోనే లోపల పని జరుగుతూనే ఉంది. మీరు గడువు పెట్టకండి. అడగండి, ఎంత పెద్దదైనా అడగండి. కానీ దేవుడితో బేరం పెట్టుకోకండి. నమ్మకం సగమే ఉంటే ఆ సగంతోనే మొదలుపెట్టవచ్చు. మార్కు సువార్తలో ఒక తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఏడుస్తాడు. యేసు అతని కొడుకును బాగుచేశాడు. నాకు బైబిలులో అన్నిటికన్నా దగ్గరగా అనిపించే ప్రార్థన అది.

ఏది చదవాలి, ఎంత చదవాలి

ఆదికాండముతో మొదలుపెట్టి లేవీయకాండము దగ్గర ఆగిపోయినవాళ్ళు చాలామంది. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారు అధ్యాయాలే. రోజుకు ఒకటి చదివినా రెండు వారాలు దాటిన వెంటనే అయిపోతుంది. అందులో ఆసుపత్రి వార్డులాగే అడుగడుగునా రోగులు ఎదురవుతారు, అందుకే మంచం మీద ఉన్నవారికి అది త్వరగా అర్థమవుతుంది. మన తెలుగు బైబిలు భాష పాతది. "చేయుచున్నాడు", "వెళ్లుడి" అనే మాటలు మొదట్లో అడ్డుపడతాయి. బిగ్గరగా చదివితే నాలుగైదు రోజుల్లో చెవికి అలవాటవుతాయి.

పడుకుని చదవడానికి పూర్తి బైబిలు బరువు. చేతులు పీకుతాయి. చిన్న కొత్త నిబంధన విడిగా దొరుకుతుంది, అది తెప్పించుకోండి. కళ్ళు అలసిపోతే ఫోనులో తెలుగు బైబిలు వినవచ్చు.

మార్కు అయ్యాక కీర్తనలు చదవండి. ఆ తరువాత రెండవ సమూయేలు గ్రంథం తెరచి మెఫీబోషెతు కథ చదవండి. అతనికి ఐదేళ్ళప్పుడు, యుద్ధంలో తండ్రి, తాత చనిపోయిన వార్త విని, దాది అతణ్ణి ఎత్తుకుని పరుగెత్తింది. కంగారులో పిల్లవాడు కింద పడ్డాడు. రెండు కాళ్ళూ కుంటివయ్యాయి. ఎవరి తప్పు? కాపాడాలనుకున్న చేతుల నుంచే జారిపోయాడు. చాలా ఏళ్ళకు దావీదు రాజు అతణ్ణి వెతికించి పిలిపించి, బ్రతికినన్నాళ్ళూ తన బల్ల దగ్గరే భోజనం పెట్టాడు. ఆ అధ్యాయం చివరి మాటగా కూడా అతని కాళ్ళు కుంటివనే రాసి ఉంది. కాళ్ళు బాగుపడలేదు, బల్ల దగ్గర చోటూ పోలేదు. ఆ కథ చదివిన రాత్రి, నేను మళ్ళీ మునుపటిలా నడవలేకపోతే అన్న భయం నన్ను మొదటిసారి కాస్త వదిలింది.

వ్యాయామానికి కీర్తన జోడించండి

ఫిజియోథెరపిస్టు మొదట చెప్పే వ్యాయామం చాలామందికి ఒకటే ఉంటుంది: కాలు చాపి, మోకాలు మంచానికి అదిమినట్టుగా తొడ కండరాన్ని బిగించి, కొన్ని క్షణాలు పట్టి ఉంచి వదలడం. రెండోది పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటాయి, చేస్తే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నేను లెక్కలు చెప్పేదాన్నే అయినా ఐదు దాకా లెక్కపెట్టడం మూడో రోజుకే విసుగు పుట్టింది.

ఇరవై మూడవ కీర్తనలో ఆరు వచనాలున్నాయి. తొడ బిగించేటప్పుడు "యెహోవా నా కాపరి" అని మెల్లగా అన్నాను. వదిలేటప్పుడు "నాకు లేమి కలుగదు". ఇలా ఆరు వచనాలూ అయ్యేసరికి ఒక విడత వ్యాయామం అయ్యేది, మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని. రోజుకు మూడు విడతలు. బిగించినప్పుడు ఊపిరి బిగబట్టకూడదని ఫిజియోథెరపిస్టు చెబుతూనే ఉండేవారు. నోటితో వచనం పలుకుతుంటే ఊపిరి ఆగడం కుదరదు. నెల తిరిగేసరికి కీర్తన కంఠస్థమైంది, తొడలో బలం తిరిగి రావడం చేతికి తెలిసింది.

"ఏ పాపం చేశావో" అన్నవారికి

అంటారు. కొందరు పూర్వజన్మ కర్మ అంటారు, కొందరు విశ్వాసులు కూడా దాచిన పాపం ఏదో ఉందంటారు. పుట్టు గుడ్డివాణ్ణి చూపి శిష్యులు ఇదే అడిగారు: వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్ళా? వీడూ కాదు, వీడి కన్నవాళ్ళూ కాదు అన్నాడు యేసు. మీరు ఎవరితోనూ వాదించనక్కరలేదు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయం చదివి నిద్రపోండి. నా కాలు విరిగింది వడ్ల మీద బండి జారినందుకు.

మీరు నిజంగా మందు తాగి బండి నడిపి పడి ఉంటే, అది వేరు. అది ప్రభువుతో ఒప్పుకోండి, మీ వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలి ఉంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

మోసే నలుగురిని పిలవండి

మార్కు రెండవ అధ్యాయంలో కపెర్నహూములో ఒక ఇల్లు జనంతో కిక్కిరిసి ఉంటుంది. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి, లోపలికి దారి లేక, పైకప్పు విప్పి, పరుపుతోపాటు యేసు ముందుకు దించుతారు. యేసు ఎవరి విశ్వాసం చూశాడని రాసి ఉంది? "వారి విశ్వాసము". ఆ రోగి ఒక్క మాటా మాట్లాడినట్టు లేదు.

మనకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, మోయించుకోవడం రాదు. నేను లేకపోతే ఇల్లు నడవదని నమ్మినదాన్ని. పక్క మీదనే మలమూత్రాలు, అమ్మ చేత తుడిపించుకోవడం, ఇవన్నీ కాలి నొప్పికన్నా ఎక్కువ బాధపెట్టాయి. ఒక ఆదివారం అమ్మ నన్ను మంచం అంచుకు జరిపి, తల కింద ప్లాస్టిక్ షీటు పరిచి, కింద బకెట్టు పెట్టి తలస్నానం చేయించింది. కుంకుడు రసం కంట్లో పడకుండా నుదుటి మీద తన అరచెయ్యి అడ్డు పెట్టింది. చిన్నప్పుడు అలాగే పెట్టేది. ముప్పై నాలుగేళ్ళ నేను కళ్ళు మూసుకుని ఊరికే ఉండిపోయాను. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న వచనం అంతకుముందు ఎన్నోసార్లు చదివాను, అర్థం తెలిసింది ఆ చెయ్యి కింద.

నలుగురి పేర్లు కాగితం మీద రాయండి. ఒకరు ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి, ఒకరు ఇంట్లో పనికి, ఒకరు పిల్లలకు, ఒకరు వచ్చి పక్కన కూర్చుని ప్రార్థించడానికి. ఒక్కొక్కరిని ఒక్కొక్క పనికి విడిగా, స్పష్టంగా అడగండి. "ఏమైనా కావాలంటే చెప్పు" అన్నవాళ్ళకు వెంటనే ఒక పని చెప్పండి, వాళ్ళు సంతోషిస్తారు. సంఘం దగ్గరలో ఉంటే పాస్టరు గారికి కబురు పంపండి. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని, వాళ్ళు వచ్చి నూనె రాసి ప్రార్థించాలని యాకోబు పత్రికలో ఉంది. మీరు సభ్యులు కాకపోయినా పిలవవచ్చు. నూనె నుదుటికి రాయించుకోండి, గాయానికి మాత్రం వద్దు.

వారాల తరబడి నిద్ర రాక, తిండి సహించక, బ్రతికి ఏం లాభం అన్న ఆలోచన తిరుగుతుంటే అది విశ్వాసంలో లోపం కాదు. 14416కు ఫోను చేయండి, టెలీ మానస్ వారు తెలుగులో మాట్లాడతారు. పాస్టరు గారికీ చెప్పండి, డాక్టరుకూ చెప్పండి.

ఇంట్లోవాళ్ళతో ఎలా ఉండాలి

మీది నాలాంటి ఇల్లయితే ఈ భాగం మీకే. బైబిలు దిండు కింద దాచకండి, ఎవరి పటాలూ తీయమని అడగకండి. మా ఆయన మొదట రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మంచంలో ఉన్న మనిషిని మార్చేశారని ఆయన అనుమానం. నేను వాదన పెట్టుకోకుండా, రోజూ చదివినదాంట్లో నాకు నచ్చిన ఒక సంగతి రాత్రి భోజనం దగ్గర చెప్పేదాన్ని. మెఫీబోషెతు కథ ఆయన పూర్తిగా విన్నారు.

అమ్మ నా కాలు బాగవ్వాలని సింగరాయకొండ నరసింహస్వామికి మొక్కుకుంది. నా విశ్వాసం మారింది కదా, ఆ మొక్కు వద్దనాలా? పెద్దమ్మను అడిగాను. "మీ అమ్మ కన్నీళ్ళకు నువ్వు అడ్డు పడకు" అంది. నేను కొండకు వెళ్ళలేదు, కారణం అమ్మకు చెప్పాను. అమ్మ ఒక్కతే వెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చింది. ఇద్దరం ఒకరికొకరం నిజమే చెప్పుకున్నాం కాబట్టి ఇంట్లో గొడవ రాలేదు. అందరి ఇళ్ళూ ఇంత తేలిక కాదని తెలుసు. తొందరపడకండి, అబద్ధం మాత్రం చెప్పకండి.

స్వస్థత కూడికలకు వెళ్ళేముందు

ప్రభువు క్షణంలో బాగుచేయగలడని నేను నమ్ముతాను. అయినా మూడో నెలలో ఒక కూడికలో ప్రసంగీకుడు కర్రలు వదిలి నడవమన్నప్పుడు నేను నాలుగడుగులు వేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. రాత్రికి కాలు బానలా వాచింది, మూడు రోజులు దించలేకపోయాను. అదృష్టవశాత్తు రాడ్డు కదలలేదు. దేవుడు స్వస్థపరిస్తే అది రేపటి ఎక్స్‌రేలోనూ ఉంటుంది. చూపించుకున్నాకే కర్రలు వదలండి. ప్రార్థనకు, నూనెకు, రుమాలుకు డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. కుష్ఠం పోయిన నయమాను కానుకలు తెస్తే ప్రవక్త ఎలీషా ముట్టలేదు. వెనకాల పరుగెత్తి వాటిని పుచ్చుకున్న ఎలీషా సేవకుడు గేహజీకి ఆ కుష్ఠమే అంటుకుంది.

మందిరానికి మొదటిసారి

డాక్టరు కర్రలతో బయటికి వెళ్ళవచ్చన్నాక వెళ్ళండి. ముందురోజు ఎవరినైనా పంపి మెట్లెన్ని, గచ్చు ఎలాంటిది, కుర్చీ ఉందా అని చూసి రమ్మనండి. మన పల్లెల మందిరాల్లో చాపల మీద కూర్చుంటారు, మీకు గోడ వారగా కుర్చీ కావాలి. కాలు చాపుకోవడానికి ఎదురుగా ఇంకొక స్టూలు. చెప్పులు బయట విడవడం, కాళ్ళు కడుక్కోవడం మన పద్ధతి, కానీ తడి గచ్చు మీద కర్ర జారుతుంది. కర్రల అడుగున రబ్బరు బూట్లు అరిగాయేమో చూసుకోండి, లోపలికి వచ్చే ముందు పొడిగుడ్డతో తుడిపించండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బ కాలూ ముందు. అరగంట ముందే వెళితే తోపులాట ఉండదు.

పాటలప్పుడు అందరూ లేస్తారు, మోకాళ్ళూనుతారు. మీరు కూర్చునే ఉండండి. కొత్తవారిని ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమనడం ఉంటుంది. ఆ రోజు ఇష్టం లేకపోతే, తరువాత చెబుతానని పాస్టరు గారికి ముందే చెప్పి ఉంచండి. ఒక సంఘంతోనే తేల్చుకోకుండా రెండు మూడు చోట్లకు వెళ్ళండి. డాక్టరు మాట వినమని చెప్పే పాస్టరు గారు, మీ కాలు గురించి అడిగాక మీ పిల్లల గురించీ అడిగే విశ్వాసులు ఉన్నచోట ఉండిపోండి.

బాప్తిస్మానికి తొందరపడకండి

కుట్లు పూర్తిగా మానకుండా చెరువులోనో కాలువలోనో మునగడం ప్రమాదం, గాయంలోకి చీము పట్టే క్రిములు వెళ్ళవచ్చు. డాక్టరు సరే అన్నదాకా ఆగండి. ఆగడం అవిధేయత కాదు.

ఆగడానికి ఇంకొక కారణం ఉంది, అది మన జిల్లా చరిత్రలోనే ఉంది. నెల్లూరులో ఒక్కటే కేంద్రంగా మిగిలిన బాప్టిస్టు మిషనును మూసేయాలా అని అమెరికాలో చర్చ జరిగిన రోజులవి. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, ముగ్గురు భారతీయ విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. అదే ఇప్పటి ప్రార్థన కొండ. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ క్లౌ దొర వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు! ఆ తరువాత 1876–78 కరవు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చినా, కూలి కోసం, గింజల కోసం విశ్వాసులయ్యారన్న మాట రాకూడదని కరవు నడిచినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. పని ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మీరూ అలాగే మిమ్మల్ని మీరు ఆపి చూసుకోండి. నొప్పి తగ్గి, కర్రలు పక్కన పెట్టి, మళ్ళీ బడికో పొలానికో దుకాణానికో వెళ్ళడం మొదలయ్యాక కూడా తెల్లవారుజామున ఆయనతో మాట్లాడాలనిపిస్తే, అప్పుడు పాస్టరు గారి దగ్గరికి వెళ్ళండి. నేను కాలు బాగయ్యాక ఎనిమిది నెలలు ఆగాను. కాస్త కుంటు ఇప్పటికీ ఉంది, వాన ముసురు పట్టినప్పుడు మరీ తెలుస్తుంది.

కర్రలు ఎవరికివ్వాలి

కర్రలు అటక మీద వేయకండి. మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఎవరికో ఒకరికి త్వరలోనే అవసరం పడుతుంది. కొత్త రబ్బరు బూట్లు వేయించి మీరే తీసుకెళ్ళండి. మనిషిని నిలబెట్టి, చంకకూ కర్ర పైభాగానికీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టేలా, చేతిపిడి మణికట్టు ఎత్తున ఉండేలా మరలు తిప్పి సరిచేయండి. బరువు చంక మీద కాక అరచేతుల మీద వేయాలని చెప్పండి.

ఎలా పడ్డావని అడగకండి. అప్పటికే ఇరవైసార్లు చెప్పి ఉంటారు. మీ సాక్ష్యం అడిగితేనే చెప్పండి. పది నిమిషాలు కూర్చుని, దిండు సర్ది, తాగడానికి నీళ్ళు చేతికందేలా పెట్టి, ప్రార్థన చేయనా అని ఒక్కసారి అడగండి. వద్దంటే సరే అని, మళ్ళీ గురువారం వస్తానని చెప్పి, గురువారం వెళ్ళండి.